ఆయన బదులు పెట్టిన సంతకం

లిఫ్టు మెకానిక్ భార్యకి ముప్పై ఏళ్ళుగా ఒకటే దిగులు. తిండికో బట్టకో లోటై కాదు. మొగుడు తాగుబోతో తిరుగుబోతో అయి కాదు. అలా అయినా బాగుండేది, నలుగురి దగ్గరా చెప్పుకుని ఓ ఏడుపు ఏడ్చి తేలికపడేది. ఈయనలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చాటున ఒకరి గురించి చెడుగా మాట్లాడడు. పక్కింట్లో కుళాయి కారుతుంటే అడక్కుండానే వెళ్ళి బిగించి వస్తాడు. దేవుడంటే మాత్రం నమ్మకం లేదు. తిట్టడు, వెక్కిరించడు. "ఉన్నాడో లేడో నాకు తెలియదే. తెలియనిది తెలుసని ఎలా చెప్పను?" అంటాడు, అంతే. ఆ మాట అని మళ్ళీ అన్నంలో చెయ్యి పెడతాడు.

ఆమె వెళ్ళే ప్రార్థన మందిరంలో ఈ సంగతి మీద సందేహానికి చోటు లేదు. పోయేలోగా ఎవరైనా సరే "నమ్ముతున్నాను" అని ఒక్కమాట చెప్పాలి. మందిరం పెద్దయ్య దగ్గర ఒప్పుకోలు పుస్తకం ఉంటుంది. అందులో సంతకం పెట్టాలి. పెట్టినవాళ్ళకి పైన చోటు. పెట్టనివాళ్ళు ఎంత మంచివాళ్ళయినా బయటే. ఆ "బయట" ఎలా ఉంటుందో పెద్దయ్య ఏనాడూ వర్ణించి చెప్పలేదు. మంటలని గానీ చీకటని గానీ చెప్పి ఉంటే దానికి తగ్గట్టు భయపడేది. చెప్పకపోవడం వల్ల ఆమె తనకి తోచినట్టు ఊహించుకుంది. అదొక పొడుగాటి వరండా. అందులో బోలెడంతమంది మంచివాళ్ళు నిలబడి ఉంటారు. ఎవరూ ఎవరినీ పిలవరు. ఎందుకంటే పిలవడానికి తెలిసినవాళ్ళంతా లోపల ఉంటారు. ఆ వరండాలో ఓ మూల తన మొగుడు చేతులు కట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా, తన కోసం చూస్తూ నిలబడి ఉన్నట్టు కనపడేది. కూర తాలింపు వేస్తున్నా కనపడేది.

వీళ్ళిద్దరి సంసారంలో ఇంకెవరింట్లోనూ లేని పని ఒకటుంది. ఆయన సంతకం ఆమె పెడుతుంది.

పందొమ్మిదేళ్ళ కిందట ఓ పాత భవనంలో కప్పీ చక్రం కింద పడి ఆయన కుడిచేతి వేళ్ళు మూడు నలిగిపోయాయి. రెంచి పట్టుకోగలడు గానీ కలం పట్టుకోలేడు. లిఫ్టు పనిలో రాత తప్పదు. ప్రతి లిఫ్టు లోపలా గోడకి ప్లాస్టిక్ తొడుగులో ఓ కార్డు ఉంటుంది. నెలకోసారి అన్నీ చూసి, బాగున్నాయని సంతకం పెట్టి తగిలించాలి. కలం పట్టలేనివాడికి ఉద్యోగం ఏముంటుందని ఆయన నీరుగారిపోయి కూర్చుంటే, ఆమె పాత కార్డు ముందు పెట్టుకుని వారం రోజులు ఆయన సంతకం సాధన చేసింది. చివర్న కొక్కెంలా పైకి లేచే గీతతో సహా పట్టేసింది. కంపెనీ మేనేజరు కూడా, "ఎవరు పెడితేనేం, చూసేది నువ్వు కదా" అని ఊరుకున్నాడు.

అప్పట్నించీ నెలాఖరు సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర ఇదే తంతు.

"తాడు?" అని ఆమె అడిగేది.

"బాగుంది."

"బ్రేకు?"

"బాగుంది."

"తలుపు?"

"నాలుగో అంతస్తులో కొంచెం గీసుకుంటోంది. సరిచేశాను. బాగుంది."

చివరికి ఆయన ఓ క్షణం ఆలోచించి, "ఆ, పెట్టు" అనేవాడు. అప్పుడు సంతకం. ఆ నోటి వెంట "పెట్టు" అని రాకుండా కలం కాగితానికి తగలకూడదు. ఒకసారి ఆయనకి జ్వరంగా ఉందని, ఎలాగూ నిన్ననే చూసొచ్చాడు కదా అని ఆమె రెండు కార్డుల మీద ముందే పెట్టేసింది. ఆయన అరవలేదు. ఆ రెండూ చింపి, స్వెట్టరు వేసుకుని, జ్వరంతోనే వెళ్ళి ఆ రెండు లిఫ్టులూ పైనుంచి కిందకి మూడుసార్లు ఎక్కి దిగి వచ్చాడు. "కోపం కాదే సెక్రటరీ," అన్నాడు వచ్చి పడుకుంటూ. ఆమెని ఆయన అలాగే పిలిచేవాడు. "అందులో ఎక్కేవాళ్ళకి నేనెవరో తెలియదు. ఆ గీత ఒక్కటే తెలుసు."

మందిరంలో ముసలివాళ్ళ కోసం పెట్టిన చిన్న లిఫ్టు కూడా ఆయనే చూసేవాడు. పదకొండేళ్ళుగా, ఒక్క నెల తప్పకుండా. ప్రార్థన మొదలయ్యే ముందు వచ్చి పని చూసుకుని, మొదలవగానే వెళ్ళిపోయేవాడు.

లిఫ్టు షాఫ్టుల్లోని దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్ని తినేసిందని ఈ ఏడాది డాక్టర్లు చెప్పారు. ఇంకెన్నాళ్ళని కూతురు అడిగింది. కూతురు మందుల షాపులో పని చేస్తుంది, అలాంటివి మొహం మీదే అడుగుతుంది. నెలలు అనకండి, రోజులనుకోండి అని చెప్పారు.

ఆసుపత్రిలో చేర్చిన మూడోరోజు పొద్దున్న ఆమె పెద్దయ్యని పిలిపించింది. ఆయన ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. మెకానిక్ దిళ్ళు ఆనుకుని కూర్చున్నాడు.

"రండి అయ్యగారూ. లిఫ్టు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందయ్యా. నీ మాట చెప్పు."

"నా మాట వాళ్ళు చెప్పారు కదా," అని నర్సుల వైపు చూపించాడు మెకానిక్. "మీరు వచ్చిన పని నాకు తెలుసు. చూడని లిఫ్టుకి కార్డు రాయమంటున్నారు."

"నమ్మకం అంటేనే చూడకపోవడం కదయ్యా."

"అదేనండీ నా ఇబ్బంది. నేనూ అలాగే నమ్మకం మీద ఓ తాడు వదిలేసుంటే ఈపాటికి మీరు నా పక్క మంచంలో ఉండేవారు."

పెద్దయ్యకి నవ్వొచ్చింది. సాక్షుల్లో ఒకాయన మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు. ఆమెకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మంచం పట్టె పట్టుకుని వంగి, "ఏమండీ, నా కోసం. ఒక్క మాట. అంటే మీ సొమ్మేం పోయింది?" అంది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీ కోసమైతే ఆ మాట నీకే చెప్తాను కదే. ఆయనకి చెప్తే అది అబద్ధమవుతుంది. పోయే ముందు నాతో ఆ పని చేయించకు."

పెద్దయ్య పుస్తకం మూసేశాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "మళ్ళీ వస్తానమ్మా. చివరిదాకా గడువుంది," అన్నాడు. ఆ గడువు అన్న మాటే ఆమెని మింగేసింది.

ఆ రెండు రోజులూ ఆమె కనపడ్డవాళ్ళందరినీ అడిగింది. సిగ్గూ ఎగ్గూ వదిలేసి అడిగింది. పక్క మంచం ముసలమ్మది వేరే మతం. "మా వాళ్ళలో అయితే చేసిన మంచి ఎక్కడికీ పోదమ్మా. మళ్ళీ ఎక్కడో చల్లగా పుడతాడు," అంది ఆవిడ. ఆమెకి అది ఓదార్పు అనిపించలేదు. ఎక్కడో పుడితే తనెలా గుర్తుపడుతుంది? వార్డు ఊడ్చే మనిషి చీపురు ఆనించుకుని, "మా పెద్దలు చెప్పేవాళ్ళు, పైవాడి దగ్గరికి ఏ పేరుతో పోయినా ఒకటేనని. కానీ అసలు ఏ పేరూ పెట్టుకోకుండా పోయినవాళ్ళ సంగతి నేనెప్పుడూ అడగలేదు," అని నిజాయితీగా ఒప్పుకుంది. కూతుర్ని అడిగితే కూతురు కస్సుమంది.

"నాన్న లాంటి మనిషిని బయట నిలబెట్టే దేవుడి ఇంట్లో నీకేం పనే అమ్మా?"

"అలా అనకే. ఆయన చెడ్డవాడు కాదే."

"ఎవరు?"

నాన్న అనుకోవాలో దేవుడు అనుకోవాలో ఆమెకే తేలలేదు.

అయిదోరోజు తెల్లవారేసరికి ఆయనకి ఊపిరి అందలేదు. అద్దాల గదిలోకి మార్చారు. మొహానికి మాస్కు బిగించారు. మనిషికి స్పృహ లేదు. తెలివొస్తుందో రాదో చెప్పలేమన్నారు. కబురందుకుని పెద్దయ్య పరుగున వచ్చాడు గానీ, లోపలికి ఒక్క మనిషినే పంపుతామని నర్సు తలుపు దగ్గరే ఆపేసింది. సాక్షులు లేకుండా సంతకం చెల్లదు. పెద్దయ్య బయట బెంచీ మీద కూలబడి, చెప్పుల వంక చూస్తూ ఆలోచించాడు.

"ఒక దారుంది," అన్నాడు చివరికి. "సాక్షుల్ని రానివ్వని చోట, మనిషి సంతకాన్ని అతని పాత సంతకంతో పోల్చి చూసి ఒప్పుకోవచ్చని పెద్దలు రాసిపెట్టారు. మందిరం లిఫ్టులో ఆయన కార్డుంది కదా. నువ్వు లోపలికెళ్ళి అడుగమ్మా. కళ్ళతో సైగ చేసినా చాలు. ఒప్పుకుంటే ఎలాగోలా చెయ్యి పట్టి సంతకం పెట్టించుకురా."

లిఫ్టు కార్డు మీద గీత ఎవరిదో ఆయనకి తెలియదు. చెప్పాలని ఆమె నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

పుస్తకం బరువుగా ఉంది. కలం దానికి దారంతో కట్టి ఉంది. లోపల మిషన్లు గువ్వల్లా సన్నగా కూస్తున్నాయి. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో తెరిచింది.

"ఏమండీ," అంది. "నమ్ముతున్నారా?"

మాస్కులో ఆవిరి పట్టింది, పోయింది.

"నమ్ముతున్నారా, ఏమండీ? కళ్ళు తెరవండి. తెరవకపోయినా పరవాలేదు, రెప్ప కదపండి."

కదల్లేదు. మూడోసారి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. అలవాటుగా ఆగింది. వంటింటి బల్ల దగ్గర ఆగినట్టే ఆగింది, "పెట్టు" అన్న మాట కోసం. ఈ చేతికి ఆయనే హక్కిచ్చాడు కదా అనుకుంది. పందొమ్మిదేళ్ళుగా ఈ చెయ్యి పెట్టిందే ఆయన సంతకం కదా, లోకమంతా అదే కదా నమ్మింది అనుకుంది. ఆ మాట రాదని తెలిసీ ఇంకాసేపు ఆగింది. గాజు తలుపు అవతల పెద్దయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు.

ఆమె పెట్టేసింది. కొక్కెంలా లేచే గీతతో సహా, ఒక్క వణుకు లేకుండా.

పెద్దయ్య పుస్తకం అందుకుని కళ్ళకద్దుకున్నాడు. గంటలో మందిరం నుంచి కూతురి ఫోనుకి పెద్దయ్య గొంతు వచ్చింది. "కార్డు పక్కన పెట్టి చూశానమ్మా. ఆయనదే. అచ్చంగా ఆయనదే. ఇంక నీకు భయం లేదు."

భయం లేదన్న మాట విన్నప్పట్నించీ ఆమెకి అసలు భయం మొదలైంది. కూతురు తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పకుండానే చల్లారిపోయింది. ఆసుపత్రి వరండాలో కూర్చుంటే, ఇన్నేళ్ళూ ఊహలో కనపడిన ఆ మొగుడు కనపడటం మానేశాడు. బదులుగా ఓ తలుపు కనపడింది. లోపల ఎవరో పుస్తకం తిరగేస్తూ, ఆయన్ని నిలబెట్టి, "ఇది నీదేనా?" అని అడుగుతున్నారు.

మధ్యాహ్నానికి ఎవరూ అనుకోనట్టు ఆయనకి తెలివొచ్చింది. ఇది ఎంతోసేపు నిలవదని, మాట్లాడాలనుకుంటే ఇప్పుడే మాట్లాడుకోమని డాక్టరు చెప్పి, మళ్ళీ వార్డులోకి మార్పించాడు. కూతురు మందులకని కిందకి వెళ్ళింది. ఆమె ఇంక ఆగలేక, మంచం మీద తల ఆనించి, జరిగిందంతా చెప్పేసింది.

ఆయన మాస్కు కొంచెం పక్కకి తీశాడు. తిడతాడనుకుంది. చింపేయమంటాడనుకుంది.

"నేను ‘పెట్టు’ అనలేదుగా," అన్నాడు నెమ్మదిగా.

"అనలేదు."

"మరి?"

"ఏం చెయ్యమంటారండీ? మిమ్మల్ని అలా ఒంటరిగా ఎలా పంపను? నా వల్ల కాలేదు."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. బాగుచెయ్యాల్సిన మిషన్ ముందు నిలబడినట్టు నుదురు ముడేశాడు. "చూడు. నేను పోయాక ఏమీ లేకపోతే గొడవే లేదు. ఒకవేళ ఉండి, నన్ను పిలిచి అడిగితే... నేను పెట్టలేదంటే నువ్వు ఇరుక్కుంటావు. దొంగ సంతకం కదా." ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నువ్వు దిగులుపడకు. నేనే పెట్టానని చెప్తాలే."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఆ నోట ఒక్క అబద్ధం వినలేదు. పక్కవాళ్ళ పిల్ల పాట బాగా పాడిందా అంటే కూడా, "గొంతు కొంచెం పోయింది, మళ్ళీ నేర్చుకుంటే వస్తుంది" అనే మనిషి. ఆ మనిషి ఇప్పుడు, అందరికంటే పైవాడి ఎదుట నిలబడి, తన కోసం అబద్ధమాడతానంటున్నాడు. నమ్మకం లేనివాడని ఒక్కటే తప్పు ఉండేది. దాని మీద ఇంకోటి తను మోయిస్తోంది.

"వద్దండీ," అంది లేస్తూ. "ఇప్పుడే వస్తాను."

"ఎక్కడికే?" అన్నాడాయన. ఆమె అప్పటికే తలుపు దాటింది. కూతురు మెట్ల మీద ఎదురైతే, "నాన్న దగ్గర కూర్చో, కదలకు" అని మాత్రం చెప్పింది. తను లేనప్పుడు ఆయన పోతే? దారిపొడవునా ఆ ఒక్క ఆలోచనే. ఆటో ఆగిన ప్రతి కూడలిలోనూ వెనక్కి తిప్పమని చెప్పబోయింది. చెప్పలేదు.

మందిరంలో పెద్దయ్య ఒక్కడే ఉన్నాడు, కుర్చీలు వరసగా సర్దుకుంటూ. ఆమె నిలబడే అంతా చెప్పింది. పందొమ్మిదేళ్ళ కార్డుల సంగతి కూడా చెప్పింది. ఆయన చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది.

"అంటే నేను పోల్చి చూసింది నీ సంతకాన్నీ నీ సంతకాన్నీనా?"

"అవునండీ."

పెద్దయ్య కుర్చీ దించి అందులోనే కూర్చున్నాడు. ముసలి మొహం ఇంకా ముసలిదైంది. "అమ్మా, కొట్టేస్తే ఆయన పేరు మీద ప్రార్థన ఉండదు. మన సమాధుల స్థలంలో చోటుండదు. ఇంకో నియమం ఉంది, నీకు తెలుసు. ఒకరి బదులు సంతకం పెట్టినవాళ్ళ పేరు కూడా కొట్టేయాలి."

"తెలుసండీ."

ఆయన గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. గొంతు తగ్గించాడు. "నువ్వు నాతో ఏమీ చెప్పలేదు. నేను ఏమీ వినలేదు. ఇంటికెళ్ళమ్మా. పదకొండేళ్ళు ఆయన చేతి మీద ప్రాణం పెట్టి ఆ లిఫ్టు ఎక్కాను నేను. ఆయనకి ఈ మాత్రం చెయ్యనీ."

ఆమెని కాళ్ళు ఆ గుమ్మం వైపే లాగాయి. ఇంతటి పెద్దమనిషి వద్దంటుంటే తనెవరు? కానీ మొగుడు చెప్పబోయే ఆ అబద్ధం చెవిలో తిరుగుతోంది.

"మీరు వినకపోయినా విన్నవాడు ఒకడున్నాడు కదండీ," అంది. "మీరేగా నాకు నేర్పారు."

పెద్దయ్య లేచాడు. పుస్తకం తెచ్చి, స్కేలు పెట్టి, పొద్దున్నటి పేరు మీద గీత గీశాడు. ఆమె పేరు ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి పేజీలో ఉంది. ఆయనకి పేజీ దొరక్కపోతుంటే ఆమే పేజీలు తిప్పి చూపించింది. పెళ్ళికి ముందు పెట్టిన సంతకం, గుండ్రటి అక్షరాలు. గీత పడుతున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. ఇన్నేళ్ళూ ఏది పోతుందని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుందో అది కలం ఒక్క సాగు సాగేలోపు పోయింది. బయటికొచ్చాక మెట్ల మీద ప్రార్థన చేద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. ఎవరని చెప్పుకుని అడగాలి?

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం ఎండ కిటికీల్లో పడుతోంది. ఆయన ఉన్నాడు. కూతురు చెంచాతో నీళ్ళు పోస్తోంది.

"ఎక్కడికెళ్ళావే?" అన్నాడు.

"ఆ సంతకం కొట్టించేశానండీ. మీరింక ఏమీ చెప్పక్కర్లేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన మొహం కాస్త తేరుకుంది. కూతురే అడిగింది, "నిన్నేమీ అనలేదా?" అని. దాచాలనుకుంది గానీ ఇంక దాచే ఓపిక లేదు. తన పేరు కూడా కొట్టేశారని చెప్పింది.

మెకానిక్ మోచేతుల మీద లేవబోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి అంత కోపం రావడం ఆమె చూడలేదు. "నీ పేరెందుకు? నువ్వు నమ్ముతావుగా? నమ్మే మనిషిని... ఇదేం పద్ధతే? ఎవడు రాశాడు ఇది?" దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కూతురు మాస్కు పెడితే తోసేశాడు. "నాకేం, నేను ఏమీ లేదనుకుని పోతాను. నువ్వు బయటని అనుకుంటూ బతకాలే. ఎలా బతుకుతావే?" కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "ఆయన్ని పిలవండి. పెద్దయ్యని."

పిలవక్కర్లేకపోయింది. చూడటానికొచ్చేవాళ్ళ వేళ ముగుస్తుండగా పెద్దయ్య తనంతట తనే వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. చంకలో పుస్తకం లేదు.

"అయ్యగారూ," అన్నాడు మెకానిక్, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. "ఈవిడని లోపలికి రానివ్వండి."

"నా చేతుల్లో ఏముంది నాయనా. నేను రాసేవాణ్ణి."

"మరి ఎవరి చేతుల్లో ఉంది?"

పెద్దయ్య వేలు పైకెత్తబోయి, ఆ మనిషి ముందు ఎత్తలేక దించేశాడు. "ఆయన్నే అడగాలి."

"అడగండి మరి."

"దారిపొడవునా అడుగుతూనే వచ్చాను. అడగాల్సింది నేనేనా అని అనుమానంగా ఉంది. నువ్వు అడుగు."

మెకానిక్ పైకప్పు వంక చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన భార్య వైపు తిరిగి, పని తెలియని చోట అడుగుపెట్టినవాడిలా, "ఎలా అడగాలే?" అన్నాడు.

"నాతో మాట్లాడినట్టే," అంది ఆమె.

ఆయన మాస్కు పూర్తిగా తీసేశాడు. "ఇదిగో. నువ్వు ఉన్నావో లేవో నాకు తెలియదు. ఉంటే విను. ఈమె చేసింది తప్పే. నా మీద ప్రేమతో చేసింది. నన్నెక్కడికి పంపించినా నేనేమీ అనుకోను. ఈమె ముప్పై ఏళ్ళ నుంచీ పొద్దున్నే లేచి నీతో మాట్లాడుతోంది. నేను పక్క గదిలో పళ్ళు తోముకుంటూ వినేవాణ్ణి. అన్ని రోజులు మాట్లాడిన మనిషిని బయట నిలబెట్టకు." ఇంకేమైనా చెప్పాలేమోనని ఆలోచించాడు. "అంతే," అన్నాడు. కూతురు మాస్కు పెట్టింది. ఈసారి పెట్టనిచ్చాడు.

పెద్దయ్య చెయ్యి జేబులో కలం మీదకి పోయింది. అక్కడే ఆగింది.

"అయ్యగారూ," అంది ఆమె, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని. "ఇది ‘నమ్ముతున్నాను’ అన్న మాట కిందకి వస్తుందా? ఇది చెల్లుతుందా?"

"‘ఉంటే’ అన్నాడమ్మా."

"అన్నారు. తెలియనిది తెలుసని ఆయన అనరు. వస్తుందా రాదా?"

"నలభై ఏళ్ళుగా రాస్తున్నాను. నమ్ముతున్నానన్నవాళ్ళనీ విన్నాను, పొమ్మన్నవాళ్ళనీ విన్నాను. ఒక్కళ్ళు కూడా తన కోసం కాకుండా ఇలా అడగలేదు. ఇది ఎక్కడ రాయాలో, అసలు రాయాలో లేదో నాకు తెలియదు."

"మీకు తెలియకపోతే ఎలాగండీ? మీరు కూడా తెలియదంటే నేనింక ఎవర్ని అడగాలి?"

వేళ అయిపోయిందని బయట గంట కొట్టారు. పెద్దయ్య వెళ్ళలేదు. స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చుండిపోయాడు.

ఆమె మొగుడి మీదకి వంగింది. ఆ ‘ఉంటే’ ఒక్కటీ తీసేసి, ఇంకోసారి అనండి, ఒకే ఒక్కసారి అని అడగబోయింది. నోరు తెరిచింది. ఆయన కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. ఆమె నోరు మూసుకుంది. చెవి వెనక మాస్కు తాడు ఒరుసుకుని చర్మం ఎర్రగా కందిపోయి ఉంటే, దాన్ని కొంచెం పైకి జరిపింది.

మాస్కులో ఆవిరి పట్టింది, పోయింది. తరవాతి ఊపిరి కోసం ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు.